పైరును వీడియో తీయు విధము



ధర్మసాగరము చెరువుకు ఎగువన చెలక భూమిలో ప్రత్తి వేసిన యొక రైతు ఒక వానకాలమున నాకు సెల్ ఫోనులో వీడియో పంపిరి. దాని నిడివి పన్నెండు సెకండ్లు. నిలుచున్న ఎత్తునుండియే ఫోనును కిందికి వంచి, సాళ్ళ నడుమ నడచుచు తీసినది. ఆకులు ఎర్రబడియున్న సంగతి మాత్రము తెలియుచున్నది. "సారూ, ఆకులన్ని ఎర్రవడుతున్నయి, ఏం కొట్టాలె?" అని వారి ప్రశ్న.

ప్రత్తి ఆకు ఎర్రబడుటకు కారణము ఒక్కటే కాదు. మెగ్నీషియము లోపించినపుడు ముదురాకులలో ఈనెలు పచ్చగానే యుండి, ఈనెల నడిమి భాగము ఎర్రబడును. పచ్చదోమ రసము పీల్చినపుడు ఆకు అంచులు మొదట పసుపుపచ్చనై, కిందికి ముడుచుకొని, పిదప ఎర్రబడి మాడును. ఈ రెంటికిని భేదము తెలియవలెనన్న ఈనెలు కనబడవలెను, ఆకు అడుగు భాగము కనబడవలెను. ఆ వీడియోలో ఈ రెండును లేవు. అయినను నేను తొందరపడి, లీటరు నీటికి పది గ్రాముల మెగ్నీషియము సల్ఫేటు కలిపి పిచికారి చేయుడని చెప్పితిని. వారము దినముల పిమ్మట చేనికి పోయి ఆకు తిరగవేసి చూడగా, అడుగున పచ్చదోమ పిల్లలు ఐమూలగా పరుగెత్తుచుండెను. మందు డబ్బు, కూలి డబ్బు వ్యర్థమైనవి. పోయిన వారము దినములు అంతకంటె పెద్ద నష్టము.

ఆకు అడుగు చూపుడని అడుగకపోవుట నా పొరపాటు. కాని అదిమొదలు నాకు వచ్చు వీడియోలను జాగ్రత్తగా గమనించుచున్నాను. పదింటిలో ఏడెనిమిది ఇదే విధముగ నుండును: కెమెరా ఆగదు, పురుగు కనబడదు, గాలి చప్పుడులో మాట వినబడదు. ఫోను మంచిదే, తీయువారును తెలివిగలవారే, తీయు పద్ధతి మాత్రము ఎవరును చెప్పలేదు. అందుచేత ఆ పద్ధతిని ఇక్కడ వ్రాయుచున్నాను.

వీడియో అనగా నేమి?

వీడియో అనునది వేగముగ వరుసగా తీసిన బొమ్మల గుంపు. సినిమాలో సెకండుకు 24 బొమ్మలు నడచును. మన ఫోనులు సామాన్యముగా 30 తీయును. చేయి కదలినచో ఒక్కొక్క బొమ్మయు అలుకుకొనిపోవును. వెలుతురు తక్కువైనకొలది ఈ దోషము హెచ్చును, ఏలయన తక్కువ వెలుతురులో కెమెరా ఒక్కొక్క బొమ్మకు ఎక్కువసేపు కన్ను తెరచి యుంచవలెను.

మచ్చలు, రంగులు చూపుటకు ఫోటోయే మేలు. చలనమును చూపవలసినపుడును, ఒకదాని తరువాత ఒకటి జరుగు పనిని చూపవలసినపుడును వీడియో కావలెను. పచ్చదోమ పిల్ల ఐమూలగా నడచుట ఫోటోలో తెలియునా? కాండము తొలుచు పురుగు పట్టిన వరి మొవ్వు పట్టి లాగగానే ఊడివచ్చుట తెలియునా? కావున రెండును తీసి పంపుడు.

ముందుగా చేయవలసినవి

కెమెరా కన్నును మెత్తని నూలుబట్టతో తుడువుడు. ఇది చిన్నమాట యని తోచవచ్చును గాని, చేనిలో పనిచేసిన చేతి చెమట, జిడ్డు కెమెరా అద్దముపై నంటి, బొమ్మ అంతయు పొగమంచు పట్టినట్లు కనబడుట నేను తరచుగ చూచుచున్నాను. మందు కొట్టుచున్నపుడు గాని, మందు అంటిన చేతితో గాని ఫోను ముట్టరాదు. అదే ఫోను తరువాత మీ చెవికిని, మీ పిల్లల చేతికిని పోవును. తీయుచుండగా ఫోను మ్రోగినచో వీడియో ఆగిపోవచ్చును. కావున ఏరోప్లేన్ గుర్తు నొక్కి తీయుట మంచిది.

ఫోనును అడ్డముగ పట్టుకొనుడు. చేను అడ్డముగ పరచుకొని యుండును, నిలువుగ కాదు. రెండు చేతులతో పట్టి, మోచేతులను డొక్కలకు ఆనించి, ఊపిరి బిగబట్టి తీయుడు. కూర్చున్నపుడు మోకాలిపై మోచేయి ఆనించుడు. గడ్డపార గాని, పార కట్టె గాని నేలలో గ్రుచ్చి, దాని కొనకు చేతిని ఆనించినను చాలును. కొన్న స్టాండు కంటె ఇది చేనిలో ఎక్కువ ఉపయోగమని నా అనుభవము.

ఒక్కొక్క చోట ఫోనును కదపక, మనసులో ఒకటి నుండి పది వరకు లెక్కించుడు. పిదప ఆపి మరియొక చోటికి పొండు. నడచుచు తీయరాదు. చేనంతయు చూపవలెనన్న, నిలిచిన చోటనే నడుము మాత్రము మెల్లగా త్రిప్పుచు ఒక కొననుండి మరియొక కొనకు రావలెను. మరల వెనుకకు త్రిప్పరాదు. తెరపై వ్రేళ్ళు చాపి బొమ్మను పెద్దది చేయుట మానుడు. అది చాల ఫోనులలో ఉన్న బొమ్మనే సాగదీయుట గాని, దగ్గరగ చూచుట కాదు. దగ్గరగ చూపవలెనన్న మీరే దగ్గరకు పొండు.

మూడు దూరములు

దూరము, నడిమి దూరము, దగ్గర: ఈ మూడును లేని వీడియోను చూచి సలహా చెప్పుట కష్టము.

దూరమునుండి తీసినదానిలో తెగులు చేనిలో ఏ ఆకారమున పరచుకొన్నదో తెలియును. ధర్మసాగరము కట్టపై నిలిచి చూచినచో దిగువ మడులు ఎట్లు కనబడునో, అట్టి చూపు ఇది. వరిలో సుడిదోమ తగిలినపుడు పైరు గుండ్రని సుడులుగ ఎండును. పోషక లోపమైనచో సామాన్యముగా మడిలో చాలభాగమున ఒకే తీరుగ నుండును. ప్రక్క చేనిలో కొట్టిన కలుపు మందు గాలికి వచ్చి పడినచో గట్టు వైపు సాళ్ళు ఎక్కువ చెడి, లోనికి పోయినకొలది తగ్గును. ఈ మూడింటిలోను ఒక్క ఆకును చూచిన మోసపోవుదుము, చేనిని చూచిన గ్రహింతుము. గట్టు మీదనో, బండి మీదనో ఎక్కి, ఇట్టి చూపును పది సెకండ్లు తీయుడు.

నడిమి దూరమున ఒక మొక్కను వేరు మొదలు నుండి తల వరకు చూపవలెను. పైయాకులు చెడినవా, కిందియాకులు చెడినవా అనునది దీనివలన తెలియును. ప్రక్కన బాగుగనున్న మొక్క యొకటి కూడ కనబడునట్లు తీసిన ఇంకను మేలు.

ఇక దగ్గర. చాల ఫోనులు జానెడు దూరము వరకు స్పష్టముగ చూపును. అంతకంటె మరీ దగ్గరకు పోయినచో బొమ్మ మసకబారును. తెరపై పురుగు ఉన్నచోట వ్రేలితో ఒకసారి తాకిన, కెమెరా అక్కడ దృష్టి నిలుపును. కెమెరా కన్నుముందు పదిరెట్లు పెద్దదిగ చూపు భూతద్దమును ఆనించి, మెల్లగా ముందుకు వెనుకకు జరిపిన చిన్న పురుగు కాళ్ళు సైతము కనబడును. పరిమాణము తెలియుటకు ప్రక్కన ఒక రూపాయి బిళ్ళ గాని, మీ గోరు గాని యుంచుడు. గాలికి ఊగు ఆకును మరియొకరు తొడిమవద్ద పట్టుకొనవలెను.

ఏ ఎత్తునుండి చూడవలెను?

పైరును తెరమీద చూపి వ్యవసాయము చెప్పుట క్రొత్త విషయము కాదు. ఢిల్లీ టెలివిజనులో కృషి దర్శన్ 1967 జనవరి 26న ఆరంభమైనది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఉపగ్రహము ద్వారా ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు కార్యక్రమములు పంపిరి. అందు అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అయితే ఆ దినములలో రైతు చూచువాడు మాత్రమే, తీయువారు వేరు. కెమెరా రైతు చేతికి వచ్చినపుడు ఏమగునో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కరలేదు. జహీరాబాదు దగ్గరి పస్తాపూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని స్త్రీలు కొందరు 1990 దశాబ్దపు చివర వీడియో కెమెరా పట్టుట నేర్చిరి. వారు దళిత కుటుంబముల రైతులు, కూలీలు. పెక్కుమంది బడికి పోయినవారు కారు. 2001లో వారి మీడియా ట్రస్టు ఏర్పడినది.

కెమెరా ఎత్తులకు వారు తమ బ్రతుకునుండియే పేర్లు పెట్టుకొనిరి. పైనుండి కిందికి చూచినచో అది పటేలు చూపు. కిందినుండి పైకి చూచినచో దొర ముందు వంగి నిలుచున్నవాని చూపు. కంటికెదురుగ, సమానమైన ఎత్తున చూచినచో అది సంఘము చూపు. గ్రంథములు చదివి నేర్చుకొన్న మాటలకంటె ఇవి ఎక్కువ గుర్తుండును; నేను విద్యార్థులకు కూడ ఈ పేర్లతోనే చెప్పుచున్నాను.

ధర్మసాగరము రైతు నాకు పంపినది పటేలు చూపు. పైనుండి చూచువానికి ప్రత్తి చేనిలో ఆకుల వీపులు తప్ప మరేమియు కనబడవు. పచ్చదోమ, తెల్లదోమ, పేనుబంక ఆకు అడుగున నుండును. సుడిదోమ వరి దుబ్బు మొదట, నీటికి కొంచెము పైన గుంపుగ నుండును. కావున ఫోనును పురుగు ఎత్తునకు దింపవలెను. దుబ్బులను రెండు ప్రక్కలకు పాయదీసి, ఫోనును మోకాలి కిందికి దించి, ఒకరు దుబ్బును తట్టగా దోమలు నీటిపై పడుట తీసినచో, చూచువానికి ఇక సందేహముండదు. మనిషితో మాట్లాడించి తీయునపుడు మాత్రము వారి కంటి ఎత్తున కెమెరా నుంచవలెను. వారు కూర్చున్నచో మీరును కూర్చుండుడు.

వెలుతురు, చప్పుడు

ఉదయము పది గంటలలోపల, సాయంకాలము నాలుగు దాటిన పిమ్మట వెలుతురు అనుకూలము. సూర్యుడు మీ వీపువైపు గాని, భుజమువైపు గాని యుండవలెను. మీ నీడ మొక్కపై పడరాదు. ఆకాశము ఎక్కువ కనబడునట్లు తీసినచో కెమెరా ఆ తెలుపును చూచి, మొక్కను నల్లగ చేయును. మిట్టమధ్యాహ్నము తప్పనిసరియైనచో ఒకరు తెల్ల పంచెను గాని, గొడుగును గాని ఎండకు అడ్డముగ పట్టవలెను. రంగు గుర్తింపవలసిన తెగులును రాత్రి బల్బు వెలుతురులో తీయరాదు. పసుపు ఏదో తెలుపు ఏదో తెలియదు.

మోటారు నడుచుచుండిన ఆపుడు, లేదా దూరముగ పొండు. గాలికి ఎదురుగ నిలిచి మాట్లాడరాదు. మొదటి అరనిమిషములో ఈ సంగతులు నోటితో చెప్పుడు: నాటి తేది, ఊరు, పైరు, విత్తన రకము, విత్తిన దినము, నేల చెలకయా రేగడియా, చివరి తడి ఎప్పుడు, ఇంతవరకు ఏ మందు ఏ మోతాదులో కొట్టినారు. చివరిది చెప్పుటకు కొందరు సంకోచింతురు. రెండుసార్లు కొట్టిన మందునే మూడవసారి కొట్టుడని మేము చెప్పినచో నష్టము ఎవరికి?

పైరును బట్టి

మిరప: వరంగల్, ఖమ్మము ప్రాంతములలో 2021-22 పంటకాలమున క్రొత్తరకపు తామర పురుగు మిరపను ఎంత పాడుచేసినదో మీకు తెలియును. ఈ నల్ల తామర పురుగు పూవులలో గుంపులుగ చేరును. ఆకును తీసి పంపిన సగము సంగతియే తెలియును. తెల్ల కాగితముపై పూవును మూడు నాలుగుసార్లు తట్టి, ఆ కాగితమును దగ్గరగ తీయుడు. సన్నని నల్లని గీతలవంటివి పాకుచుండుట స్పష్టముగ కనబడును. ఎన్ని పూవులు తట్టినారో చెప్పుడు.

వరి: మొవ్వు ఎండినచో దానిని పట్టి లాగుట, పిదప కాండమును గోటితో చీల్చుట, రెంటిని ఆపకుండ ఒకే వీడియోలో తీయుడు. అగ్గితెగులుకు ఆకు మచ్చను దగ్గరగ చూపిన చాలును. నూలు కండె ఆకారము, నడుమ బూడిదరంగు, అంచున గోధుమరంగు ఉండును.

ప్రత్తి గురించి కొంచెము విపులముగ చెప్పవలెను. గులాబిరంగు కాయతొలుచు పురుగు బి.టి. ప్రత్తికి లొంగకుండుట మన దేశమున మొదట గుజరాతులో బయటపడి, 2010లో ప్రకటితమైనది. తరువాత రెండు జన్యువుల బి.టి. రకములలో కూడ అది నిలదొక్కుకొన్నది. ఈ పురుగు కాయలోపల దాగియుండును గాన పైనుండి తీసిన వీడియో ఎంత చక్కనిదైనను పనికిరాదు. పూత దశలో గుడ్డిపూవును వెదకుడు. రేకలు విచ్చుకొనక, దారములతో కుట్టినట్లు ముడుచుకొని యుండును. దానిని చేతబట్టి, రేకలను ఒక్కొక్కటిగ విప్పుచు తీయుడు. కాయ దశలో పచ్చికాయను కోసి చూపుడు. చిన్న పురుగు తెల్లగా నుండి తల మాత్రము గోధుమరంగుగ నుండును, పెరిగినపిదపనే గులాబిరంగు వచ్చును. తెల్లని దూదిలో తెల్లని పురుగు! కావున ప్రక్కనుండి వెలుతురు పడునట్లు పట్టి, పురుగు కదలువరకు ఓపికతో ఫోను నిలుపుడు.

ప్రత్తి ఏరునది ఎక్కువగా స్త్రీలు. కాయలోని పురుగును మొదట చూచునదియు వారే. ఫోను మాత్రము మగవారి జేబులో నుండును! ఈ పద్ధతిని ఇంటిలోని ఆడవారికి తప్పక నేర్పుడు.

ఉన్నది ఉన్నట్లు

చేతులు వణకకుండుట వారము దినములలో అలవాటగును. ఇప్పుడు చెప్పబోవునది అంతకంటె కష్టము.

ప్రత్తి చేనిలో ఎకరమునకు ఇరువది పచ్చికాయలు కోసి చూడవలెనని సిఫారసు. అందు రెండింటిలో పురుగున్నచో, అనగా నూటికి పది వంతులున్నచో, మందు కొట్టవలసిన దశ వచ్చినదని అర్థము. లింగాకర్షక బుట్టలో వరుసగా మూడు రాత్రులు, రాత్రికి ఎనిమిది రెక్కలపురుగుల చొప్పున పడినను అంతే. ఇప్పుడు ఇరువది కాయలలో ఒక్కదానిలో పురుగు దొరికినదనుకొనుడు. ఆ ఒక్కదానిని మాత్రము తీసి పంపినచో, చూచువానికి చేనంతయు పురుగుమయముగ తోచును. అక్కరలేని మందు కొట్టింతుము. పురుగు లేని నాలుగు కాయలను మాత్రము చూపినచో, నాలుగు పురుగుకాయలున్న చేను కూడ క్షేమముగ తోచును. రెండు వీడియోలును నిజమే చూపినవి, రెండును అబద్ధమే చెప్పినవి. కావున చేనిలో ఐమూలగా నడచి, కంటికి నచ్చినవి ఏరక, ఇరువది కాయలు కోసి, గోనెపట్టాపై వరుసగా పేర్చి, ఇరువదింటిని ఒకే వరుసలో తీయుడు. పిదప పురుగుకాయలను వేరుచేసి లెక్క చెప్పుడు.

ఒక్కసారి చూచి తీర్పు చెప్పుటయు ఇట్టి పొరపాటే. పస్తాపూరు స్త్రీల పని ఇక్కడ మరల గుర్తునకు వచ్చుచున్నది. 2002 మార్చిలో మన దేశమున బి.టి. ప్రత్తికి అనుమతి లభించెను. ఆ మొదటి పంటకాలమున వారు మన వరంగల్ జిల్లా గ్రామములకు వచ్చి, రైతుల చేలకు పైరు పొడవునను మరల మరల పోయి చిత్రము తీసిరి. బి.టి. ప్రత్తిపై వరంగల్ రైతులకు కోపమెందుకు అను అర్థము గల పేరుతో అది 2003లో వెలువడి, విదేశములలో కూడ ప్రదర్శింపబడెను. అందలి నిర్ణయములపై వాదప్రతివాదములు జరిగినవి. ఆ తరువాత బి.టి. ప్రత్తి మన చెలకలన్నింటిని ఆక్రమించినది కూడ నిజమే. ఆ వాదమును ఇక్కడ తేల్చబోను. మొలకనాడు ఆశతో మాట్లాడిన రైతునే ఏరుడునాడు మరల మాట్లాడించుట ఆ చిత్రములోని బలము. మీరును ఐదు మొక్కలకు రంగుగుడ్డ కట్టి, పదిహేను దినముల కొకసారి, అదే చోట నిలిచి, అదే ఎత్తున తీయుడు. పైరు కోతనాటికి మీ ఫోనులో ఆ సంవత్సరపు చేను చరిత్ర నిలిచియుండును. మందు పనిచేసినదా లేదా అనుటకు దుకాణదారుని మాటతో పనియుండదు. ఒక చాలు మందు కొట్టక విడిచి, దానిని కూడ తీసిన ఇంకను మేలు.

విత్తనము మొలవలేదని ఫిర్యాదు చేయదలచినపుడు ఇట్టి వీడియో చాల అక్కరకు వచ్చును. సంచి మీది లాటు నంబరు, బిల్లు, మొలవని సాళ్ళు, ఈ మూడింటిని ఆపకుండ ఒకే వీడియోలో తీయుడు. దానిని కత్తిరింపరాదు, పాట చేర్చరాదు. తీసిన ఫోనులోనే మూలమును భద్రపరచి, నకలు మాత్రము ఇతరులకు పంపుడు. సంచిని, బిల్లును, మిగిలిన గింజలను పారవేయరాదు. మండల వ్యవసాయాధికారికి వ్రాతమూలకముగ ఫిర్యాదు ఇచ్చుట ఎట్లును తప్పదు. వీడియో దానికి తోడు మాత్రమే.

తోటి రైతులకు చూపుట

మీరు చేసిన మంచి పద్ధతిని ఊరివారికి చూపుటకు వీడియో తీయునపుడు ఎనిమిది నిమిషములకు మించనీయకుడు. 2006లో బెంగుళూరులో మొదలై, తరువాత మన తెలుగు జిల్లాలలో కూడ పనిచేసిన డిజిటల్ గ్రీన్ సంస్థవారు స్థానిక రైతులచేతనే చిన్న వీడియోలు తీయించి, ఊరిలో పదిమందిని కూర్చుండబెట్టి, నడుమ నడుమ ఆపి ప్రశ్నలడుగుచు చూపిరి. చూచువారు మొదట అడుగునది మందు పేరు కాదు, ఈ మనిషి ఏ ఊరివాడని! తమవంటి నేల, తమవంటి యాస కనబడినపుడు నమ్మకము కలుగును. కావున మాట్లాడునపుడు పుస్తకభాష అక్కరలేదు. మీ మాటలోనే చెప్పుడు. ఈ వ్యాసమువలె కాదు సుమా! విత్తనశుద్ధి వంటి పనిని మాటతో వర్ణింపక చేసి చూపుడు. మోతాదు చెప్పునపుడు కొలపాత్రను దగ్గరగ తీయుడు. ఎకరమునకు ఖర్చెంత, కూలీలెందరు అనునది చెప్పక ముగింపరాదు. చెడిపోయిన ప్రయత్నము చూపుటకు సిగ్గుపడకుడు. నాకు చేరిన వీడియోలలో ఎక్కువ నేర్పినవి అట్టివే.

పంపునపుడు

వాట్సాపులో వీడియోను మామూలుగ పంపినచో అది బొమ్మను కుదించును, చిన్నమచ్చలు చెరిగిపోవును. డాక్యుమెంటుగ పంపినచో ఉన్నదున్నట్లు చేరును. నిడివి రెండు నిమిషములకు మించరాదు: మీ మాట అరనిమిషము, దూరపు చూపు, మొక్క, ఆకు పైభాగము, ఆకు అడుగు, పురుగు. దానితోపాటు రెండు మూడు ఫోటోలు చేర్చుడు. వరంగల్ పరిశోధనా స్థానమునకు గాని, మీ విస్తరణాధికారికి గాని పంపి, జవాబు వచ్చువరకు మందు కొనుటకు పోకుడు. మొక్కను వేరుతోసహా పీకి, తడిగుడ్డలో చుట్టి యుంచుడు. వీడియో చూచియు మేము తేల్చలేకపోయినచో, ఆ మొక్కను తెమ్మని అడుగుదుము.